నొప్పి రాకముందే చేయి కడుక్కోవడం

"రిపోర్టులన్నీ నార్మల్" అనే మాట వినగానే మా ఆయన మొహం విప్పారేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. మెడ, భుజాలు, నడుము, చివరికి జాకెట్టు చేతి కుట్టు ఒరుసుకునే చోటు కూడా నొప్పి. పొద్దున లేస్తే రాత్రంతా ఎవరో బండకేసి ఉతికినట్టుండేది. కాగితం మీద మాత్రం నేను పుష్టిగా ఉన్నాను. చికున్‌గున్యా మిగులు అన్నవాళ్లున్నారు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ అన్నవాళ్లున్నారు. ఇంట్లో ఒక్కపనీ తప్పించుకోని నన్ను చూసి "పనిలేక" అన్నవాళ్లూ ఉన్నారు.

చాలా ఏళ్లు తిరిగాక కర్నూలులోనే ఒక డాక్టరమ్మ ఓపిగ్గా విని, ఫైబ్రోమయాల్జియా అని పేరు చెప్పింది. నొప్పి నిజమేననీ, నరాలు చిన్న తాకిడిని కూడా పెద్ద దెబ్బగా చెబుతున్నాయనీ అంది. దీన్ని తుడిచిపెట్టే మందు లేదట. రాత్రికొక మాత్ర, వేళకు నిద్ర, రోజూ కాస్త నడక, వేడినీళ్ల స్నానం. ఇవన్నీ చేయగలను. చివర ఒకటి చెప్పింది: నొప్పి వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి.

మా వైపు ఆడది కింద పడిపోయాక ఆగితే అయ్యో పాపం అంటారు. పడకముందే ఆగితే పొగరంటారు.

కల్లూరులో మా ఇల్లు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. నొప్పితో సెలవులు ఎక్కువయ్యేసరికి ప్రిన్సిపాల్ పిలిచి, ఇంకోసారి ఇలా అయితే వేరే మనిషిని చూసుకుంటామని మర్యాదగానే చెప్పాడు. అదే వారం కోడుమూరు నుంచి మా ఆయన అక్క, అంటే మా వదిన, కుటుంబంతో సహా దిగింది.

శనివారం ఒళ్లు తేలిగ్గా ఉంటే ఆమెను చీరల అంగళ్లన్నీ తిప్పాను. అదే నా నెత్తికి చుట్టుకుంది. ఆదివారం సాయంత్రం అందరికీ జొన్నరొట్టెలు కావాలన్నారు. వీధి చివర రొట్టెలమ్మే ఆమె దగ్గర తెప్పిద్దామన్నాను.

"ఇంట్లో ఆడది ఉండి రొట్టెలు కొనుక్కొచ్చేదా? యాడన్నా ఉండాదా ఇట్ల?" అంది వదిన.

"రేపు నాకు కాలేజీ ఉండాది వదినా. భుజం లేయదు."

"నిన్న బజారంతా గిరగిరా తిరిగితివి గదమ్మా!"

"తిరిగినందుకే ఈ పొద్దు చాతకాకుండా ఉండాది."

మా ఆయన మధ్యలో దూరాడు. "రేపు ఒక మాత్ర ఎక్కువేసుకుందువులే. అక్క రోజూ వస్తాదా?"

"మాత్ర నేనేసుకుంటా గానీ, నీ భుజం ఇచ్చి పో."

ఈలోగా వదిన పిండంతటిలోనూ మరిగే నీళ్లు పోసేసింది. పొలంలో కూలోళ్లందరికీ ఒకేసారి కలిపి తట్టిన అలవాటు. జొన్నపిండి ఒకసారి కలిపితే ఆగదు. ఆరితే రొట్టె అంచులు పగిలిపోతాయి. అందుకే మా ఇళ్లలో రొట్టెలకు కూర్చున్న ఆడది పిండి అయిపోయేదాకా లేవదు. తిట్టుకుంటూనే పీట ముందు కూర్చున్నాను.

సగం పిండి అయ్యేసరికి కుడి భుజం కింద సన్నగా వేడి మొదలైంది. ఆ వేడి నాకు తెలుసు. ఇన్నేళ్లూ దాన్ని పట్టించుకోకుండా తట్టి, మర్నాడు దువ్వెన ఎత్తలేక ఏడ్చాను. ఆరోజు చేతిలోని ఉండను బేసిన్లోనే పెట్టి, లేచి చేయి కడుక్కున్నాను.

"ఏమైంది? నొప్పొచ్చెనా?" అన్నాడు మా ఆయన.

"ఇంకా రాలేదు. రాకముందే లేసినా."

"రాకముందేనా!" వదిన నోరు తెరిచింది. "శానా బాగుండాదమ్మా నీ రోగం!"

పిండి ఆరిపోతుందని మా ఆయనే పీట ముందు కూర్చున్నాడు. మొదటి రొట్టె సగం పీటకు, సగం చేతికి అంటుకుంది.

"లెయ్‌రా పక్కకు, నీ మొగతనం కాలిపోను!" అంటూ వదిన కొంగు దోపింది. ఆ తర్వాత ఒక్కో దెబ్బా పిండి మీద, ఒక్కో మాటా నా మీద. నేను నడిమింట్లో కుర్చీలో కూర్చునే ఉన్నాను. లేవడం కంటే అలా కూర్చోవడమే కష్టమైంది. సిగ్గు కాళ్లను గుంజుతుంటే కోపాన్ని పట్టుకుని కూర్చున్నాను. ఈ రోగానికి నేను వాడే మందుల్లో కోపం కూడా ఒకటి.

రొట్టెలు కాగానే ఆమె వాళ్ల చెల్లెలికి ఫోను చేసింది. "నేను తడతాంటే కుర్చీ ఏసుకోని కూచుండాది మే, దొరసాని మాదిరి!"

"రోగం పేరు కూడా చెప్పు వదినా," అని అరిచాను. "నోరు తిరక్కపోతే నన్నడుగు."

సోమవారం బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడే వెళ్లాను. నొప్పి లేదని కాదు. ఉంది, ఎప్పుడూ ఉండేంత ఉంది. చేయి మాత్రం లేచింది. బోర్డు పైఅంచు నుంచి మొదలుపెట్టి గంట కొట్టేదాకా రాశాను. గది బయట ప్రిన్సిపాల్ ఒక నిమిషం ఆగి, లోపలికి చూసి వెళ్లిపోయాడు.