పర్రలో వెలిగిన బ్రేకు లైట్లు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. మా నాన్న చర్చిలో సండేస్కూలు చెప్పేవారు. ఇంట్లో ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్ళి రేడియో సౌండ్ పెంచేవారు. నేనూ అలాగే తయారయ్యాను. ఎవరైనా శ్మశానం దగ్గర ఏదో కనిపించిందంటే, "ఏం తాగొచ్చావు?" అని అడిగే రకం. ఇది రాస్తున్నది మీరు నమ్మాలని కాదు. నా బుర్రకి అందనిది మీలో ఎవరికైనా అందుతుందేమోనని.

మాది బందరు దగ్గర గూడూరు. మా అక్క సువార్తని దివిసీమలో, నాగాయలంక దాటాక సముద్రం వైపున్న ఒక పల్లెలో ఇచ్చాం. బావ పేరు దానియేలు. నేనూ బావా కలిసి ఒక పాత ఫోర్‌వీల్ డ్రైవ్ వ్యాను కొన్నాం. బందరులో ఐసూ, రొయ్యల మేతా ఎక్కించుకుని చెరువుల దాకా తోలేవాళ్ళం.

వ్యాను ఇంటికొచ్చిన రోజు నుంచీ మా ఇద్దరికీ ఒకటే గొడవ. వెనక చక్రాలకి డిఫరెన్షియల్ లాక్ ఉంది. ముందు చక్రాలకి లేదు. లాక్ లేకపోతే ఏమవుతుందంటే, ఒక చక్రం బురదలో జారి ఉత్తినే తిరుగుతున్నప్పుడు ఇంజను బలమంతా దానికే పోతుంది. గట్టి నేల మీదున్న రెండో చక్రం కదలకుండా చూస్తూ ఉంటుంది. లాక్ వేస్తే రెండూ కలిసి తిరుగుతాయి. ముందు కూడా పెట్టిద్దామని నేను. అక్కర్లేదని బావ.

"ముందు చక్రాలు లాక్ చేశావంటే స్టీరింగ్ నీ మాట వినదురా. గట్టు మీద మలుపొస్తే ఏం చేస్తావు? తిన్నగా చెరువులోకి పోతావా?" అనేవాడు.

"ఇరుక్కున్నప్పుడు కదా బావా వేసేది. పెళ్ళికెళ్ళేటప్పుడు వేస్తామా?" అనేవాణ్ణి.

ఇరుక్కున్నప్పుడు బావ పద్ధతి వేరు. కుడికాలితో యాక్సిలేటర్ తొక్కుతూనే, ఎడమకాలితో బ్రేకుని అతి మెల్లిగా నొక్కేవాడు. బ్రేకు పట్టగానే జారే చక్రం నెమ్మదిస్తుంది, బలం రెండోదానికి మళ్ళుతుంది. చెప్పడానికి సులువే. నేను ఎన్నోసార్లు ప్రయత్నించాను. నా ఎడమకాలికి తెలిసిందల్లా క్లచ్చి. బ్రేకు మీద పెడితే ఒక్కసారిగా అదిమేసేది, ఇంజను ఆగిపోయేది. బావ పక్కన కూర్చుని నవ్వేవాడు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండేది.

కిందటేడు బావ పోయాడు. జ్వరమని ఆసుపత్రిలో చేర్చాం. బాగానే ఉన్నాడనుకుని అక్క కిందికి టిఫిన్ తేవడానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి లేడు.

వెళ్ళొస్తానని ఒక్క మాట కూడా చెప్పలేదన్నదే అక్క బాధ. ప్రార్థన చేయడానికి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ, "నన్ను కూడా తీసుకుపొమ్మని అడగండమ్మా" అనేది. వాళ్ళకున్న చిన్న రొయ్యల చెరువు చూసుకోవడం మాత్రం మానలేదు. వేళ తప్పకుండా రొయ్యలకి మేత వేసేది. తను మాత్రం సరిగా తినేది కాదు. నేను బందరు నుంచి ఏం పట్టుకెళ్ళినా పక్కింటివాళ్ళకి పెట్టేసేది. మా అక్క కళ్ళముందే కరిగిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఏం చేయాలో తెలిసేది కాదు.

వేసవిలో ఒక ఉదయం మేత తీసుకుని వెళ్ళాను. నేను బస్తాలు దించుతుండగా, గట్టు మీద నిలబడి, రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి నీళ్ళలోంచి మేత పళ్ళెం పైకి లాగుతున్న అక్క కేక వేసింది. రక్తపింజర. మడమ పైన కరిచింది.

అక్కని వ్యానులో నా పక్కన కూర్చోబెట్టి బయల్దేరాను. అవనిగడ్డ ఆసుపత్రికి వెళ్ళాలి. గట్టు రోడ్డు బాగుచేస్తామని పొడుగునా తవ్వి పోసి ఉంది. నేను వచ్చింది పర్ర చుట్టూ ఉన్న గొడ్ల దారిలో. పర్ర అంటే సముద్రపు పోటు నీళ్ళు వచ్చి పోయే చవిటి నేల. పర్రకి అడ్డంగా వెళ్తే తారురోడ్డు దగ్గర. తెల్లగా ఉప్పు పేరి, గట్టిగా ఎండినట్టు కనిపిస్తోంది. దాని మీద బైకులు వెళ్ళిన జాడ తిన్నగా ఉంది. ఆ జాడ చూసి వ్యాను దింపేశాను. ఆ పైపొర బైకుని మోస్తుంది, వ్యానుని మోయదు. ఆ కంగారులో నాకు తోచలేదు.

సగం దాటాక కుడివైపు ముందు చక్రం దిగబడింది. పైన అరచేతి మందాన గట్టిగా ఉంది, కింద అంతా జారుడు బురద. వెనక లాక్ వేశాను. వెనక చక్రాలు రెండూ కలిసి ఇంకా లోతుకి తవ్వుకున్నాయి. ముందు కుడి చక్రం గిర్రున తిరుగుతోంది. ఎడమది గుల్లలున్న గట్టి నేల మీద ఊరికే ఉంది. ఆ క్షణంలో బావ మీద పట్టరాని కోపం వచ్చింది. చనిపోయినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను.

అక్క రెండు చేతులతో నా ఎడమ మోకాలు గట్టిగా పట్టుకుంది. "వదిలెయ్యరా తమ్ముడూ. ఇంక తిప్పలు పడకు. ఆయన దగ్గరికి పోతాలే" అంది.

ఏడుస్తూనే, గేరు తియ్యకుండానే మళ్ళీ యాక్సిలేటర్ తొక్కాను. ఇంజను మోత ఉన్నట్టుండి బరువెక్కింది. కుడి చక్రం విసురు తగ్గింది. ఎడమ చక్రం పట్టింది. వ్యాను మెల్లిగా, ఒక్క కుదుపు కూడా లేకుండా పైకొచ్చింది. తారురోడ్డు ఎక్కేదాకా నేను యాక్సిలేటర్ మీంచి కాలు తియ్యలేదు.

విరుగుడు మందు ఎక్కించారు. మర్నాటికి గండం గడిచిందన్నారు. పక్క చెరువు లీజుకి తీసుకున్న మస్తాన్ గారు, బందరు మనిషి, ఆ రోజు బైకు మీద మా వెనకే వచ్చారు. ఆసుపత్రిలో అక్క మంచం పక్కన నిలబడి అడిగారు.

"ఆ బురదలోంచి లేచేటప్పుడు బ్రేకు ఎందుకు తొక్కారండీ? వెనక ఎర్ర లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆగిపోతారేమోనని హడలిపోయాను."

"నేను బ్రేకు తొక్కలేదండీ" అన్నాను.

"మన దానియేలు గారిలాగే మెల్లిగా తొక్కారనుకున్నానే" అన్నారాయన.

తర్వాత వ్యానుని మెకానిక్‌కి చూపించాను. వైరింగులో తడి లేదు, బ్రేకు స్విచ్చి బాగానే ఉంది. పోనీ, భయంలో నాకే తెలియకుండా తొక్కానేమో అనుకుందామంటే, నా కుడికాలు యాక్సిలేటర్ మీద ఉంది. ఎడమ మోకాలు అక్క చేతుల్లో ఉంది. ఆమె గోళ్ళ గాట్లు మానడానికి చాలా రోజులు పట్టింది. చక్రం కింద గట్టి నేల తగిలిందేమో, ఎండ పడి లైట్లు వెలిగినట్టు మస్తాన్ గారికి కనిపించిందేమో. ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పగలను. రెండూ ఒకే క్షణంలో, ఆ ఒక్కసారే ఎందుకు జరిగాయో చెప్పలేను. ఈ రోజుకీ చెప్పలేను.

ఆసుపత్రిలో మస్తాన్ గారి మాటలన్నీ అక్క కళ్ళు మూసుకుని వింటూనే ఉంది. నిద్రపోతోందనుకున్నాం. ఆయన వెళ్ళాక కళ్ళు తెరిచింది.

"నువ్వు తొక్కలేదురా. నీ కాలు నేను పట్టుకునే ఉన్నాగా" అంది.

గోడవైపు తిరిగింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది. "అయితే నన్ను రావద్దన్నాడన్నమాట."

ఏడ్చింది. బావ పోయిన రోజున కూడా అంతలా ఏడవలేదు. నేను తల నిమురుతూ కూర్చున్నాను. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, వేడిగా ఇడ్లీ దొరుకుతుందేమో చూడమంది.