మడ అడవిలో బడి దారి

యుద్ధానికి ముందు కొన్నేళ్లు నేను దివిసీమలో ఒక లంక బడిలో పంతులమ్మగా పనిచేశాను. ఊరి నుంచి లంకకు పడవ ఎప్పుడో గానీ దొరకదు; రోజూ వెళ్లాలంటే మడ అడవిలో కాలిబాట ఒక్కటే దారి. చీలమండలు మునిగే బురద, పైకి పొడుచుకొచ్చిన వేళ్లు. తరచు నాతోపాటు ఒక మంత్రసాని వచ్చేది. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. లంకలో కాన్పులన్నీ ఆమె చేతిమీదే.

చలికాలం వస్తే బందరు నుంచి పెద్దమనుషులు బాతుల వేటకు వచ్చేవారు. తెల్లవారకముందే పొదల చాటున కూర్చునేవారు. ఒకనాడు ఉదయం మంచులో పెద్దమ్మ నా ముందు నడుస్తోంది. తుపాకీ పేలింది. ఆమె భుజం పట్టుకుని బురదలో కూలబడింది. సీసపు గుళ్లు కండలో దిగాయి. నా అరుపు విని పొదల్లోంచి ఒక ప్లీడరు గారు పరుగున వచ్చారు. పేల్చింది ఆయనే. తన పడవలోనే మమ్మల్ని అవనిగడ్డ తీసుకెళ్లి డాక్టరు చేత గుళ్లు తీయించారు.

గాయం మానాక, మళ్లీ ఇలా జరగకుండా చూడమని అడగడానికి మేమిద్దరం ఆయన దిగిన బంగళాకు వెళ్లాం.

"మాట్లాడుకుంటూ రాకూడదా అమ్మా? మనుషుల అలికిడి వింటే ఎవరూ కాల్చరు," అన్నారాయన.

"మాట్లాడుకుంటూనే వచ్చేవాళ్లమండీ. పిట్టలు లేచిపోతున్నాయని మీవాళ్లే కసిరారు," అన్నాను.

అప్పుడాయన, బారెడు పొద్దెక్కేదాకా అడవి తమకు వదిలేస్తే ఆపైన ఎవరూ తుపాకీ ముట్టరని చెప్పారు. బడి ఆలస్యంగా పెట్టుకుంటానని నేను ఒప్పుకున్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

"నొప్పులొచ్చిన పిల్ల పొద్దెక్కేదాకా ఆగుతుందా అండీ?"

"అయితే అలాంటప్పుడు కంచం మోగించుకుంటూ రండి. వినపడగానే తుపాకులు దించుతాం."

ఆయన మాట తప్పలేదు. కానీ వేటకు వచ్చేది ఆయనొక్కరే కాదు. కొత్తవాళ్లు దిగినప్పుడల్లా బంగళా మెట్ల దగ్గర నిలబడి, పెద్దమ్మ భుజం చూపించి, సంగతంతా మళ్లీ మొదటినుంచి చెప్పుకోవాలి. కొందరు విన్నారు. కొందరు వింటూనే బూట్లు తొడుక్కున్నారు. పురిటి కబురొస్తే, ఆమెను ఒంటరిగా పంపలేక, ఇద్దరం చీకటితోనే బయల్దేరి గరిటెతో కంచం కొడుతూ నడిచేవాళ్లం. అవతలినుంచి "రండమ్మా" అన్న కేక కోసం ఆగేవాళ్లం. రాకపోతే మళ్లీ కొట్టేవాళ్లం. లంక చేరేసరికి నాకు పాఠం చెప్పే ఓపిక మిగిలేది కాదు. ఆమె మాత్రం కొంగుతో మొహం తుడుచుకుని నేరుగా పురిటింట్లోకి వెళ్లేది.

ఆ తర్వాత మరెవరికీ గుళ్లు తగల్లేదు. అయినా రెండు చలికాలాలు గడిచాక పెద్దమ్మ రావడం మానేసింది. ఎందుకని అడిగాను.

"నడవలేక కాదమ్మా. చెవులు రిక్కించుకుని నడవలేక," అంది.

అప్పటినుంచి లంక ఆడవాళ్లే నెలలు నిండగానే పడవెక్కి ఊళ్లోకి వచ్చి ఆమె పంచన ఉండి పురుడు పోసుకునేవారు. నేను బారెడు పొద్దెక్కేదాకా అడవి మొదట్లో కూర్చుని, లేచి బడికి వెళ్లేదాన్ని.