చెట్టు రెడీ అయిందండీ

వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఒక పెళ్ళి చెడగొట్టాను. నిజమే చెప్పాను, కాకపోతే పొదుపుగా చెప్పాను. పెళ్ళికూతురు ఒక చెట్టు. పెళ్ళికొడుకు ఐస్ పెట్టెలో ఉన్నాడు. మీరు కంగారు పడకండి, అన్నీ వరసగా చెబుతాను. వరసగా చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

నిజానికి ఈ కథ ఇన్నేళ్ళూ చెప్పింది నేను కాదు, యేసుపాదం గారు. ఆయన కొల్లేరు పక్క ఊళ్ళో చేపల చెరువు రైతు. పెళ్ళి భోజనాల్లో చెప్పారు, మేత బస్తాలు దించేవాళ్ళకి చెప్పారు, చివరికి ఏలూరు ఆసుపత్రిలో మంచం మీద నుంచి నర్సుకి కూడా చెప్పారు, నన్ను పక్కనే నిలబెట్టి. పోయిన నెల ఆయన పోయారు. జ్ఞాపకార్థ కూడిక అయ్యాక ఆయన భార్య మార్తమ్మ గారు నా విస్తట్లో కూర వేస్తూ, "ఇంక చెట్టు సంగతి ఎవరు చెప్తారండీ?" అన్నారు. అందుకే రాస్తున్నాను. ఆయన చెప్పినంత బాగా ఉండదు. ఆయన కథలో నేను ఇంకాస్త తెలివితక్కువవాణ్ణి.

అప్పట్లో నేను తాడేపల్లిగూడెం దగ్గర ఒక చెట్ల పరిశోధన కేంద్రంలో కాంట్రాక్టు ఉద్యోగిని. మా పని జామాయిల్‌లో కొత్త సంకరాలు తయారు చేయడం. పుస్తకాల్లో యూకలిప్టస్ అని ఉంటుంది గాని, మా వైపు జామాయిల్ అంటేనే తెలుస్తుంది. సంకరం అంటే పెళ్ళే. మంచి తల్లి కావాలి, మంచి తండ్రి కావాలి, ఇద్దరూ దగ్గర చుట్టాలు కాకూడదు. చుట్టాలైతే పిల్లలు పీలగా పుడతారు. మనుషుల్నయితే ఇంటిపేరు, గోత్రం అడుగుతాం. చెట్టు చెప్పదు కనుక ఆకు కోసి డీఎన్‌ఏ పరీక్షకి పంపుతాం.

మా పై అధికారి సరళ మేడమ్ నన్ను తల్లిచెట్లు వెతకమని పంపారు. మోటారు సైకిలు మీద నల్లజర్ల తోటలు, ద్వారకా తిరుమల దారులు అన్నీ తిరిగి, ఎనిమిది చెట్లు ఎంచాను. ఒక్కోటి నిటారుగా, నున్నగా, స్వయంవరానికి నిలబడ్డట్టుంది. ఊళ్ళు వేరు, రైతులు వేరు, కనుక కుటుంబాలు కూడా వేరని తేల్చేశాను. ఆకులు పరీక్షకి పంపి, సంబంధాలు కుదిర్చిన మేనమామలాగా గర్వంగా తిరిగాను.

రిపోర్టు వచ్చిన రోజు మేడమ్ నన్ను పిలిచారు.

"ఎన్ని సంబంధాలు చూశావు?"

"ఎనిమిది, మేడమ్."

"ఒక్కటే. ఒకే పిల్లకి ఎనిమిది ఫొటోలు తీసుకొచ్చావు."

సంగతేమిటంటే, మెట్ట రైతులందరూ పేరున్న ఒకే రకం కొమ్మ మొక్కలు తెచ్చి నాటారు. కొమ్మ నుంచి పెంచిన మొక్క బిడ్డ కాదు, ఆ చెట్టే మళ్ళీ. నేను చూసిన ఎనిమిది అందగత్తెలూ అక్కచెల్లెళ్ళు కూడా కారు, ఒకే మనిషి.

"ఇకనైనా అందం చూడకు, తేడా చూడు," అన్నారు మేడమ్. "ఈ ఏడు కొత్త తల్లి ఒక్కటైనా దొరక్కపోతే ప్రాజెక్టు మూసేస్తారు. నీ కాంట్రాక్టు కూడా దాంతోనే."

అలా తేడా వెతుక్కుంటూ కొల్లేరు వైపు వెళ్ళాను. అక్కడ యేసుపాదం గారి చెరువు గట్టు మీద కనబడింది. మూడు చోట్ల వంకర. ఎవరో పిలిస్తే సగం తిరిగి, మళ్ళీ వద్దనుకున్నట్టు నిలబడి ఉంది. వేళ్ళు ఉప్పు ఊట నీళ్ళలో ఉన్నాయి. ఆ నీళ్ళలో నల్లజర్ల అందగత్తెలైతే వారానికే పాలిపోతారు. ఇది మాత్రం పచ్చగా ఉంది. కొమ్మల నిండా నీటికాకులు కూర్చుని, కింద చెరువులో భోజనం ఎంచుకుంటున్నాయి.

"మా నాన్న గింజ వేసి మొలిపించాడండీ," అన్నారు యేసుపాదం గారు. "ఈ కాకులు నా చేపల్ని తింటున్నాయి. అయినా కొట్టబుద్ధి కాదు."

ఆకు కోసుకుని వెళ్ళాను. రిపోర్టు వచ్చింది. ఆ చెట్టు మా దగ్గరున్న ఏ చెట్టుకీ చుట్టం కాదు. మేడమ్ ఆ కాగితం చూసి నవ్వారు. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇక నా ఘనకార్యం. నేను తక్కువ మాట్లాడే మనిషిని. ఆ రోజుల్లో అదొక గుణమని అనుకునేవాణ్ణి. ఒక ఎర్ర రంగు డబ్బాతో వెళ్ళి, గుర్తు కోసం చెట్టు మొదలు చుట్టూ పట్టీ వేసి, యేసుపాదం గారితో మాట్లాడాను.

"ఈ చెట్టు మాకు కావాలండీ."

"ఇదాండీ? ఈ వంకరదా?"

"ఇదేనండీ."

"మీ మేడమ్ గారే అడిగారాండీ?"

"అవునండీ."

ఆయన చాలాసేపు చెట్టు వంక చూశారు. "చదువుకున్నవాళ్ళు, ఏదో మంచికే అడుగుతారు. తీసుకోండి," అన్నారు.

"రెడీ అవగానే ఫోన్ చేయండి," అని చెప్పి బండెక్కాను.

రెడీ అంటే నా లెక్కలో మొగ్గలు. జామాయిల్ మొగ్గకి చిన్న టోపీ ఉంటుంది. టోపీ ఊడబోయే సమయానికి మేం వెళ్ళి, ఆ పువ్వులోని మగ భాగాలు కత్తిరించి, సంచీ తొడిగి, తరవాత మేం తెచ్చిన పుప్పొడి అద్దాలి. ఇదంతా నాకు తెలుసు. ఆయనకి కూడా తెలుసని ఎందుకనుకున్నానో దేవుడికే తెలియాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. చెప్పందే చెట్టయినా మిగలదని ఎవరూ అనలేదు, ఎందుకంటే అంతవరకూ ఎవరికీ ఆ అవసరం రాలేదు.

కొన్నాళ్ళకి ఫోన్ వచ్చింది.

"ఏవండీ, మీ చెట్టు రెడీ అయిందండీ."

"అప్పుడేనాండీ?"

"మీరు తొందరలో ఉన్నారు కదా అని నేనే దగ్గరుండి చూసుకున్నానండీ."

"అంతా ఒకేసారి అయిందాండీ?"

"లేదండీ, ముందు కొమ్మలు, తరవాత మిగతాది."

అలాగే కదా పూసేది అనుకున్నాను. "రేపు పొద్దున్నే వస్తామండీ. నిచ్చెన తెస్తున్నాం."

"నిచ్చెనెందుకండీ?"

"అందాలి కదండీ."

"ఇప్పుడు చిన్నపిల్లలకైనా అందుతుందండీ."

పూల బరువుకి కొమ్మలు వంగాయి కాబోలని మురిసిపోయాను.

"బండి ఏం తెస్తున్నారండీ?"

"జీపండీ."

"జీపు సరిపోదేమోనండీ."

"సరిపోతుందండీ, ఇద్దరమే."

"సరే, మీ ఇష్టమండీ," అన్నారు.

మర్నాడు మగపెళ్ళివారిలా బయలుదేరాం. జీపు మీద నిచ్చెన, సీట్లో సంచీలు, మేడమ్ ఒళ్ళో ఐస్ పెట్టె, అందులో చిన్న సీసాలో పుప్పొడి. పెళ్ళికొడుకు ఎవరనుకున్నారు, నేను ఎనిమిది ఫొటోలు తెచ్చిన ఆ నల్లజర్ల చెట్టే. జామాయిల్‌లో ఒకే పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి కనుక, నిన్నటి పెళ్ళికూతురు ఇవాళ పెళ్ళికొడుకైనా ఎవరూ ఏమీ అనుకోరు.

గట్టు మలుపు తిరిగేసరికి చెట్టు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. నీటికాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చుని మా వంక చూస్తున్నాయి.

యేసుపాదం గారు ఉతికిన చొక్కా వేసుకుని ఎదురొచ్చారు. వెనకాల దుంగలు పేర్చి ఉన్నాయి, అన్నీ ఒకే కొలత.

"బెరడు కూడా తీయించేశానండీ, మీకు తూకంలో తేడా రాకూడదని," అన్నారు. "ఎర్ర పట్టీ ఉన్న ముక్క మాత్రం అలాగే ఉంచాను. మీ సంతకం కదండీ."

మేడమ్ ఐస్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని మెల్లగా పెళ్ళికూతురి మీదే కూర్చున్నారు.

"మాట్లాడరేంటండీ?" అన్నారు యేసుపాదం గారు కంగారుగా. "కొలత తక్కువైందాండీ?"

అప్పుడు నేను మాట్లాడాను. టోపీలు, సంచీలు, పుప్పొడి, గోత్రాలు, అన్నీ. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు ఎన్నడూ ఆడలేదు. ఆయన అంతా విన్నారు.

"కావాలన్నారండీ."

"అవునండీ."

"ఎర్ర రంగు వేశారండీ."

"అవునండీ."

"కర్ర వ్యాపారులు కూడా అంతేనండీ. కావాలంటారు, రంగు వేస్తారు. కాకపోతే వాళ్ళు ఇంకో నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడతారు." తరవాత నెమ్మదిగా అన్నారు, "వాళ్ళెవరికీ ఇవ్వలేదండీ. మా నాన్న వేసిన చెట్టు."

దానికి నా దగ్గర మాటలు లేవు. ఈసారి పొదుపు కాదు, నిజంగానే లేవు.

ఇంతలో మేడమ్ తల తిప్పి నేలలో మిగిలిన మొద్దు వంక చూశారు.

"దీన్నేం చేస్తున్నారండీ?"

"మధ్యాహ్నం పొక్లెయిన్ వస్తుందండీ, పీకించేస్తాను."

"వద్దండీ," అంటూ మేడమ్ లేచారు. "ముసలి చెట్టు కొమ్మ నాటితే వేరు పట్టదు. కొట్టేసిన మొద్దుకి వచ్చే చిగుళ్ళు నాటితేనే వేరు పట్టేది. పెళ్ళయ్యాక ఈ చెట్టు కొట్టమని మిమ్మల్ని ఎలా అడగాలా అని నాకు నిద్ర పట్టడం లేదు." నా వైపు తిరిగారు. "ఇతను అడక్కుండానే ఆ పని చేయించాడు."

యేసుపాదం గారు నన్ను ఎగాదిగా చూశారు. "చెట్టు కావాలంటే కొట్టించాను. ఇప్పుడు మొద్దు కావాలంటున్నారు. మీ ఆఫీసంతా ఇంతేనాండీ?"

కాని పొక్లెయిన్‌ని ఆపించారు. మొద్దు చుట్టూ ముళ్ళకంప కట్టారు, మేకలు రాకుండా. రోజూ పొద్దున్నే నాకు ఫోన్. "రెడీ అవలేదండీ." మర్నాడు మళ్ళీ, "రెడీ అవలేదండీ." పురిటి గది బయట తిరిగే తండ్రిలా నేను ఫోన్ చుట్టూ తిరిగాను. ఉప్పు ఊటకి మొద్దు చచ్చిపోతే చెట్టూ లేదు, ప్రాజెక్టూ లేదు, ఆయన నాన్న జ్ఞాపకమూ లేదు.

వానలు పడ్డాక ఒక రోజు, "ఏవండీ, రెడీ అయిందండీ," అన్నారు.

"ఏది రెడీ అయిందో విడమర్చి చెప్పండి," అన్నాను.

"వచ్చి చూసుకోండి. నిచ్చెన వద్దు."

వెళ్ళి చూస్తే మొద్దు చుట్టూ ఎర్రటి లేత చిగుళ్ళు, గుత్తులు గుత్తులుగా. మేడమ్ కత్తెర తీశారు. యేసుపాదం గారు నా పక్కన నిలబడ్డారు.

"మొద్దుకి చిగురొస్తుందని బైబిల్లో ఉందంటూ మా పాస్టరు గారు ప్రతి క్రిస్మస్‌కీ చెప్తారండీ," అన్నారు. నన్ను ఒకసారి తేరిపార చూసి, "నాకు ఇన్నాళ్ళూ నమ్మకం లేదు. ఇప్పుడు మిమ్మల్ని చూస్తుంటే కొంచెం ఆశ కలుగుతోందండీ," అన్నారు.

ఆ కొమ్మలు వేరు పట్టాయి. ప్రాజెక్టు నిలబడింది, నా ఉద్యోగం కూడా. కొన్నేళ్ళకి మా తోటలోనే ఆ తల్లి పూసింది, ఆగిపోయిన పెళ్ళి ఘనంగా జరిగింది. ఆ పిల్లలు ఇవాళ కొల్లేరు అంచు చవిటి నేలల్లో నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నారు. ఉప్పుని ఓర్చే గుణం తల్లిదే. వంకర మాత్రం పిల్లలకి రాలేదు. ఆఫీసు ఆ తల్లికి ఒక నంబరు ఇచ్చింది. అది ఎవరికీ గుర్తు లేదు. మా తోటలో పనిచేసేవాళ్ళందరికీ అది యేసుపాదం గారి చెట్టే.

కూడిక రోజు భోజనం అయ్యాక గట్టు మీదికి వెళ్ళాను. ఆ మొద్దు మీద మేం వదిలేసిన చిగుళ్ళలో మూడు ఇప్పుడు పెద్ద మానులు. నీటికాకులు తిరిగొచ్చి చాలా కాలమైంది. ఆయన వాటిని ఏనాడూ తోలలేదు.

అందుచేత ఈ నేల మీద, ఈ నీటికాకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట "కావాలి" అన్న మాటని ఏ రైతు ముందూ ఒంటరిగా వదిలిపెట్టి రాను. ఏ చెట్టుకీ ఎర్ర రంగు వేయను. ఎవరైనా రెడీ అంటే, ఏమిటి రెడీ, ఎక్కడ రెడీ, నిలబడి ఉందా పడుకుని ఉందా అని అడగకుండా నిచ్చెన ఎత్తను.

ఇదంతా రాసి మొన్న మార్తమ్మ గారికి చదివి వినిపించాను. ఆవిడ చివరిదాకా విని, కళ్ళు తుడుచుకుని, "బాగుందండీ," అన్నారు. "కాని ఆయనైతే ఇంకా పొడుగ్గా చెప్పేవారు. మీకు ఇంకా మాటలు రాలేదండీ."