సరోజక్క మేడ మీది ఎండ

మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక వీధిలో స్లాబు ఉన్న ఇల్లు సరోజక్కది ఒక్కటే. మిగతావన్నీ రేకులవో, పెంకులవో. అందుకని ఎండలు గట్టిపడగానే ఆ వీధి ఆడవాళ్లందరి వడియాలూ ఆమె మేడ మీదనే ఎండేవి. ఎవరూ ఎవరినీ అడిగేది లేదు. పొద్దు పొడవగానే గేటు గొళ్లెం చప్పుడయ్యేది. నెత్తిన పిండి గిన్నెలు, చంకలో పాత చీరలు, చేతుల్లో మురుకుల గొట్టాలు పట్టుకుని మెట్లెక్కేవాళ్లు. మిల్లు పొగగొట్టం వైపు చూసి, గాలి ఎటుందో కనుక్కుని చీరలు తడిపి పరిచేవాళ్లు. గాలి ఇటు మళ్లిందంటే ఊక బూడిద వచ్చి నువ్వులు చల్లినట్టు వడియాల మీద పడుతుంది. అప్పుడు పైన పల్చటి నైలాన్ చీర కప్పాలి.

ఎండినాక ఎత్తుకుని దిగేటప్పుడు ప్రతి ఒక్కరూ దోసెడు వడియాలు మెట్ల మలుపులో ఉన్న సత్తు పళ్లెంలో వేసి పోయేవాళ్లు. దాన్ని మేడవాటా అనేవాళ్లు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఒక్క మనిషికి ఎన్ని వడియాలు కావాలి? డబ్బాలో అవి ఇంకా ఉండగానే మళ్లీ ఎండాకాలం వచ్చేది. అయినా సరోజక్క ఒక్కసారి కూడా వద్దనలేదు.

ఆమె పుట్టింది గరిడేపల్లి పక్కన వ్యవసాయం చేసుకునే ఇంట్లో. ఉద్యోగం సూర్యాపేటలో, ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌గా. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు మిగల్లేదు. హాస్టల్లో ఉన్నన్నాళ్లు చెవుల నిండా పిల్లల గోల. కాస్త నిమ్మళంగా ఉంటే చాలు దేవుడా అనుకునేది. రిటైరై, మిర్యాలగూడలో చవకగా జాగ దొరికిందని ఇల్లు కట్టుకుని దిగాక, ఆ నిమ్మళం ఎట్లా ఉంటుందో తెలిసింది. మిల్లుల రొద ఎప్పుడూ ఉండేది గానీ, అందులో ఆమెను పేరు పెట్టి పిలిచే గొంతు ఒక్కటీ లేదు. ఏడాదికి ఆ కొన్ని వారాలు మాత్రమే మేడ మీద మనుషుల మాట వినపడేది. ఆమె మెట్లగది నీడలో కుర్చీ వేసుకుని వాళ్ల ముచ్చట్లు వినేది. తను మాత్రం ఎప్పుడూ పిండిలో చెయ్యి పెట్టలేదు.

కిందటి దసరాకు తమ్ముడి కొడుకు హరీష్ వచ్చాడు. కోదాడలో సోలార్ పలకలు బిగించే వ్యాపారం అతనిది. అటు ఆంధ్రా గిరాకీలతో మాట్లాడి మాట్లాడి అతని భాష కూడా కొంచెం అటు వంగింది.

"అత్తయ్యా, నీ మేడ ఊరికే ఎండిపోతుంది. దాన్ని పనిలో పెడదాం."

"ఊకె ఏడ ఎండుతున్నదిరా? వడియాలు ఎండుతున్నయి."

"వడియాలు దుకాణంలో దొరుకుతాయి. సర్కారు సబ్సిడీ దుకాణంలో దొరకదు. మూడు కిలోవాట్ల దాకా ఇస్తుంది."

"నాకున్నది ఒక ఫ్యాను, ఒక టీవీ, ఒక ఫ్రిజ్. మూడెందుకురా?"

"మూడింటికి ఇస్తామంటుంటే ఒకటి చాలనేవాళ్లు ఎవరన్నా ఉంటారా? మిగిలిన కరెంటు లైన్లోకి పోతుందిలే."

సరోజక్క వద్దనకపోవడానికి సబ్సిడీ ఒక్కటే కారణం కాదు. పండగ పూట తప్ప కనపడని హరీష్ ఈ పని మొదలయ్యాక వారం వారం వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఆమె చేతి అన్నం తిన్నాడు. ఇంట్లో రెండో కంచం కడగడం ఆమెకు బాగుంది.

ఇనుప స్తంభాలు దించిన రోజు వీధి ఆడవాళ్లు గేటు దగ్గర చేరారు. పెన్‌పహాడ్ వైపు గొర్లు తోలుకుపోయే బీరన్న భార్య అలివేలు అందరికన్నా ముందుంది. పక్కనే కిరాయి ఇంట్లో ఉండి జాకెట్లు కుట్టే రజని.

"సరోజక్కకేంది, సర్కారే మేడ మీద కరెంటు పండిచ్చి పెడుతది," అంది రజని.

"నీకు కరెంటు జీరో బిల్లు వస్తలేదానే?" అంది అలివేలు.

"అది గరీబోళ్లకు. ఇది స్లాబున్నోళ్లకు. అగ్గిపెట్టె కొన్నా నేను టాక్సు కడుతున్న గద. కిరాయిదాన్ని, నా తాన గుంజి మేడ ఉన్నామెకు ఇచ్చుడేం న్యాయమే?"

నవ్వుతూనే అంది. కానీ ఆ మాట సరోజక్కకు గుచ్చుకుంది. నిచ్చెన మీదున్న హరీష్ ఊరుకోలేదు.

"అమ్మా, పట్టపగలు మా అత్తయ్య వాడేదెంత? మిగిలిందంతా మీ వీధి స్తంభంలోకే పోతుంది. మీ కుట్టుమిషను దాంతోనే తిరుగుతుంది. ఆ మేరకు బొగ్గు కాల్చేది తగ్గుతుంది. అందరికీ పనికొచ్చేదానికి అందరి సొమ్ము ఇస్తే తప్పేంటి?"

"అయితే నా మిషన్ మీద సరోజక్క పేరు రాపిస్త తీయ్!"

అందరూ నవ్వారు. సరోజక్కకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. అందరి సొమ్ము తీసుకుంటున్నప్పుడు తన మేడ అందరిదీ అయి ఉండాలనుకుంది. అప్పటికప్పుడు హరీష్‌కు ఒక షరతు పెట్టింది.

"పలకలు మీదికి లేపురా. వీళ్లు వంగకుండ నడవాలె. కింద కూసోని వడియాలు పెట్టుకునేటట్టు ఉండాలె."

ఇనుము ఎక్కువ పడుతుందని గొణిగినా హరీష్ ఒప్పుకున్నాడు. మెట్లగదీ నీళ్ల ట్యాంకూ పోగా మిగిలిన మేడంతా పలకలు కమ్ముకున్నాయి. చలికాలం పొద్దున అందరూ పైకెక్కి చూశారు. అలివేలు మునికాళ్ల మీద లేచి పలకను అందుకోబోయింది. అందలేదు.

"పెండ్లి పందిరి లెక్కనే ఉన్నది."

"ఎవరి పెండ్లే?"

"ఇంకెవరిది, సరోజక్కదే!"

సరోజక్క కూడా కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఎత్తు చూశారు, జాగ చూశారు. ఏళ్ల తరబడి అక్కడ ఎండ కోసమే కూర్చున్న ఆడవాళ్లలో ఒక్కరికీ ఆ పొద్దు ఎండ గుర్తుకు రాలేదు.

మార్చిలో గేటు గొళ్లెం ఎప్పటిలాగే చప్పుడైంది. చీరలు పరిచారు, పిండి వత్తారు. నీడ చల్లగా ఉందని ఇంకొంచెం సేపు కూర్చున్నారు. సాయంత్రానికి వడియాలు పొద్దున ఎట్లున్నాయో అట్లనే మెత్తగా ఉన్నాయి. మర్నాడు పులిసిన వాసన. పిట్టగోడ పక్కన బెత్తెడు వెడల్పున ఎండ పడుతుంటే ఆ వెంట చీరలు లాక్కుంటూ తిరిగారు. అది ఒక్కరికే సరిపోలేదు.

"ఎండనంత కరెంటోళ్లే పట్టుకున్నరక్కా," అంది అలివేలు, పాడైన పిండి బకెట్లోకి తోస్తూ.

ఎవరూ కోప్పడలేదు. చీరలు మడుచుకుని మెల్లగా దిగిపోయారు. తిట్టి ఉంటే బాగుండేదని సరోజక్క చాలా రోజులు అనుకుంది.

హరీష్‌కు ఫోన్ చేసింది. "సగం పలకలు తీసేస్తే ఎట్లుంటదిరా?"

"మూడింటికని సబ్సిడీ తీసుకుని సగం పీకేస్తామంటే ఎవరొప్పుకుంటారు అత్తయ్యా? అయినా వడియాల కోసం పలకలు తీయించిన వాళ్లను నేనెక్కడా చూడలేదు." తర్వాత ఎవరో పిలుస్తున్నారని ఫోన్ పెట్టేశాడు. పని అయిపోయింది కదా, ఆ తర్వాత రాలేదు.

వీధి చివర చిన్న చర్చికి ఆ ఏడే రేకులు తీసి స్లాబు వేశారు. దాని బాగోగులు చూసే సాంసన్, ఆదివారం తప్ప ఎప్పుడైనా వాడుకోండమ్మా అని మెట్ల తాళం ఇచ్చాడట. సరోజక్కకు ఎవరూ చెప్పలేదు. ఒక పొద్దున పలకల మీద ఊక బూడిద కడుగుతుంటే, వీధి చివర చర్చి మేడ మీద నుంచి రజని నవ్వు వినపడింది. ఎక్కడున్నా పోల్చుకోగల నవ్వు అది. పైపు పట్టుకుని అట్లాగే నిలబడింది. పలకల అంచు నుంచి నల్లటి నీళ్లు ఆమె పాదాల మీద కారుతున్నాయి.

సర్కారు సొమ్ము ఇచ్చింది తప్పని ఆమె అనుకోలేదు. బొగ్గు తగ్గాలంటే ఎవరి మేడ మీదో ఒకరి మేడ మీద మొదలు కావాల్సిందే. కాకపోతే ఇచ్చేవాళ్లకు కనిపించింది ఖాళీ మేడ. హరీష్‌కూ ఖాళీ మేడే కనిపించింది. ఖాళీ కాదని తెలిసింది తనకు ఒక్కదానికే. ఒకటి చాలు, తక్కిన మేడ వీళ్లకు కావాలి అని ఆ రోజు గట్టిగా అనవలసిందీ తనే. ఉత్తపుణ్యానికి వస్తుందనుకున్నది ఏదీ ఉత్తపుణ్యానికి రాలేదు. రజని తన టాక్సుతో కట్టింది, ఎండతో కూడా కట్టింది.

నాలుగు రోజులకు అలివేలు వచ్చి గేటు తట్టింది. చేతిలో మూత పెట్టిన గిన్నె.

"అక్కా, నీ వాటా."

"ఏ మేడకే? నా మేడ మీద ఏం ఎండలే గద."

"ఎప్పుడు ఇచ్చేదే గద. తీస్కో."

సరోజక్క తీసుకోలేదు. ఇద్దరూ గేటుకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు. అడగకూడదనుకుంటూనే అడిగేసింది.

"చర్చి మేడ మీదికి పోతున్నరంట. నన్నొక్క మాట పిలువకపోతిరి."

అలివేలు వింతగా చూసింది. "పిలుసుడేంది అక్కా? నీ మేడ మీదికి మమ్మల్ని నువ్వెప్పుడన్న పిలిసినవా? పిండి ఉన్నోళ్లు వస్తరు, ఎండ పెట్టుకుంటరు. గంతే గద."

గిన్నె గేటు పక్క గోడ మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లవారగానే సరోజక్క బియ్యప్పిండి ఉడికించింది. జీలకర్ర, ఉప్పు, నువ్వులు. పిండి అంతా ఉండలు ఉండలైంది. ఇంట్లో మురుకుల గొట్టం లేదని అప్పుడు గుర్తొచ్చింది. గిన్నె, ఒక పాత చీర పట్టుకుని చర్చి మెట్లెక్కింది. జాగ అంతా పరిచేసి ఉంది. పిండి వత్తుతున్నవాళ్లు తలెత్తి చూశారు. అలివేలు తన చీర అంచు జరిపింది. రజని తన గొట్టం ఇచ్చి, గిన్నెలోకి తొంగి చూసింది.

"గిది వడియాల పిండా, సిమెంటా అక్కా?"

"హాస్టల్ పిండే గిది," అంది సరోజక్క. నవ్వులు మొదలయ్యాయి. నెత్తి మీద ఎండ సుర్రుమంటోంది. ఇన్నేళ్లూ నీడలో కుర్చీలో కూర్చున్నామెకు ఆ ఎండ ఇంత వేడిగా ఉంటుందని తెలియదు.

ఎండినాక అవి వంకరటింకరగా ఉన్నాయి. దిగేటప్పుడు చర్చి గుమ్మం దగ్గర మేడవాటాకు పెట్టిన పళ్లెంలో దోసెడు వేసింది. సాంసన్ లేచి నిలబడ్డాడు. "మీరెందుకమ్మా వేయడం? మీ మేడ మీద ఇన్నేళ్లు ఎండబెట్టుకున్నారు వీళ్లంతా."

"మీ ఎండ వాడుకున్న కదయ్యా," అంది.

మిగిలినవి కొంగులో మూట కట్టుకుని ఇంటివైపు నడిచింది. వీధి చివర నుంచి తన మేడ మీది పలకలు పొద్దుగూకే వెలుతురుకు ఎర్రగా మెరుస్తూ కనిపించాయి. వాటి కింద ఎవరూ లేరు. గేటు తీసి, లోపలికి పోయి, గొళ్లెం తనే పెట్టుకుంది.