పోటు వచ్చిందంటే ఫోటోకు నిలబడ్డాను

మడ అడవిలో నీటికుక్కలను చూద్దామని వెళ్ళి, చెప్పులు సముద్రానికీ పరువు మా వదినకూ సమర్పించుకొని వచ్చిన కథ ఇది. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

నేను చార్మినార్ పక్కన లాడ్ బజార్ వెనక గల్లీలో పుట్టి పెరిగాను. మెట్టినిల్లు కాకినాడ. పెళ్ళైన కొత్తలో మా ఆయన అక్క, అంటే మా వదిన, "మీ తెలుగులో సగం ఉర్దూయే కదే! మా పడవవాళ్ళ మాట ఒక్కటైనా నీకర్థమైతే ఒట్టు" అంది. నాకు ఒళ్ళు మండింది.

"మస్తు అర్థమైతది వదినా. రేపు దినమంతా ఒక్క మాటకు గూడ 'అంటే ఏంది' అని అడగ, చూడు!"

అదిగో, అక్కడే మునిగాను.

మర్నాడు పడవ నడిపే వీర్రాజు మా ఇద్దరినీ మడ అడవికి తీసుకెళ్ళాడు. అబ్బ, ఏం చోటండీ అది! చెట్ల వేర్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీల్చుకుంటున్నాయి. చేపలు రెక్కల మీద పాకుతూ బురదలో షికారు చేస్తున్నాయి. చేప నడవడం చూసి నేను ఎగిరి గంతేస్తే పడవ ఊగిపోయింది. ఇసుక తిన్నె దగ్గర ఆపగానే దిగి ఎర్ర పీతల వెంట పరుగెత్తాను.

కాసేపటికి పడవలోంచి వీర్రాజు కేకేశాడు. "అమ్మా, పోటొస్తోందండీ!"

మా పాతబస్తీలో ఫోటోను ఫోటు అంటాం. అతని పక్కనే వదిన ఫోను పట్టుకుని కూర్చుంది. ఇంకేం కావాలి?

"ఆగన్నా, దుపట్టా సర్దుకుంటున్న!"

"సర్దుకోడానికి టైం లేదమ్మా! పోటు నడుందాకా వచ్చేస్తాది!"

"నడుందాకా ఎందుకన్నా? కాళ్ళు గూడ రావాలె. చెప్పులు కొత్తయి!"

వీర్రాజు తల పట్టుకున్నాడు. నేను నవ్వుమొహం పెట్టి నిలబడ్డాను. మోకాళ్ళు మునిగి, చెప్పులు కొట్టుకుపోయాక గానీ పోటంటే సముద్రం పొంగి రావడమని తెలియలేదు. వీర్రాజు నన్ను బియ్యం మూటలా పడవలోకి లాగాడు. వదిన అప్పుడు నిజంగానే ఫోటో తీసింది.

"అర్థమైందా?" అంది.

"ముందే అర్థమైంది. జర నీళ్ళల్ల నిలబడదామని ఆగిన."

ఇక నీటికుక్కలనైనా చూడాలి. చాలాసేపు కూర్చున్నాం. చివరికి వీర్రాజు, "పాటు మొదలవ్వాలండి. పాటు మొదలైతేనే అయ్యి బయటికొస్తాయి" అన్నాడు.

పాటా? అడుగుదామని నోటిదాకా వచ్చింది. వదిన నా నోటివైపే చూస్తోంది. అడిగితే ఓడినట్టే. పాము నాగస్వరానికి రావడం లేదూ, ఇవీ అంతేనేమో అనుకున్నాను. మా గల్లీ పెళ్ళిళ్ళలో ఢోలక్ పాటలకు నన్ను మించినవాళ్ళు లేరు. పడవ అంచు మీద దరువేస్తూ గొంతెత్తాను.

సరిగ్గా అప్పుడే ఒడ్డు పక్కన ఐదు తలలు పైకి లేచాయి! నున్నటి తలలు, తడి మీసాలు!

"వచ్చినయ్ వదినా! పాటకు వచ్చినయ్!" అని అరిచి రెండో చరణం అందుకున్నాను. అవి నన్ను ఒక్క చూపు చూసి బుడుంగున మునిగాయి. మళ్ళీ తేలలేదు.

"పాటంటే నీళ్ళు ఎనక్కి పోవడమమ్మా!" అన్నాడు వీర్రాజు ఏడవలేక నవ్వుతూ. వదిన పడవలో పడి దొర్లుతోంది.

కాబట్టి చార్మినార్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పడవవాడైనా నన్ను "అమ్మా" అని పిలిచినా సరే, "అంటే ఏంది?" అని అడిగాకే పలుకుతాను.