లేదని రాయించిన జవాబు

పోయిన మంగళవారం పేగుల డాక్టరు దగ్గరికి వెళ్తే, ముందు గదిలో కూర్చున్న అమ్మాయి నా చేతికి తెలుగులో అచ్చేసిన కాగితం ఇచ్చింది. ఇన్నేళ్ళూ అది ఇంగ్లీషులోనే ఉండేది, నా కూతురు చదివి చెబితే నేను జవాబు చెప్పేదాన్ని. ఈసారి కూతురు కారు పార్క్ చేసి వచ్చేలోపు నేనే వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారు, రక్తం పడుతోందా, నొప్పి ఉందా అన్నవి దాటి కిందికి వచ్చేసరికి, దేనిమీదా ఆసక్తి లేకుండా, దిగులుగా ఉంటోందా అని ఉంది. వేలు అక్కడే ఆగిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆ ప్రశ్నకు లేదని రాయించింది నేనే.

నాకు అక్షరాలు వచ్చింది అరవై రెండో ఏట, అదీ అమెరికా వచ్చాక, ఈ పార్సిప్పనీ ఊళ్ళో. పలక పట్టాల్సిన వయసులో మిరపకాయలు కోశాను, ఆ తర్వాత కాపురమూ పొలమూ తప్ప మరో ధ్యాస లేదు. ఆయన పోయాక కూతురి దగ్గరికి వచ్చేస్తే, మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున పిల్లలకు తెలుగు చెప్పే క్లాసుకి ఎనిమిదేళ్ళ మనవరాలిని తీసుకెళ్ళే పని నాకు పడింది. ఊరికే కూర్చోవడమెందుకని నేనూ ఒక చిన్న వైట్‌బోర్డు పుచ్చుకున్నాను. పిల్లలు కిసకిస నవ్వారు. మనవరాలు మాత్రం తన కుర్చీ నా కుర్చీకి ఆనించి వేసుకుని, ‘ణ’కి ఎన్ని చుట్లు తిప్పాలో తెలియక నేను తికమకపడితే, “నాట్ లైక్ దట్ అమ్మమ్మా, ఇంకో రౌండ్ వెయ్యి” అని నా చెయ్యి పట్టి దిద్దించేది. నేను దానికి పలకడం నేర్పితే అది నాకు రాయడం నేర్పింది.

రెండో చలికాలంలో జబ్బు మొదలైంది. పెద్దపేగులో పుండ్లు, పూర్తిగా పోయేది కాదు, మందులతో అదుపులో పెట్టుకోవడమే అన్నారు. మన వయసువాళ్ళ దగ్గర దాపరికమెందుకు, రోజుకు పన్నెండు పదమూడు సార్లు పరిగెత్తేదాన్ని, పరిగెత్తినా ఒక్కోసారి అందేది కాదు. ఒక ఆదివారం క్లాసు మధ్యలో లేచాను. బాత్రూమ్ హాలుకి ఆ చివర, పిల్లలందరి ముందునుంచీ వెళ్ళాలి. సగం దూరంలోనే చీర పాడైపోయింది. పక్క తలుపు తోసుకుని, కోటైనా వేసుకోకుండా మంచులో ఇంటికి నడిచి వచ్చేశాను. మనవరాలు నాకోసం హాలంతా వెతికి ఏడ్చిందట, ఎవరో ఆంటీ తీసుకొచ్చి దింపింది.

ఆరోజే నిజం చెప్పేసి ఉంటే పోయేది. పొలంలో పదిమంది మగాళ్ళ మీద నోరు చేసుకున్నదాన్ని, ఆ పసిదాని ముందు ఆ ఒక్క ముక్క అనలేకపోయాను. మళ్ళీ ఆదివారం అది రెండు బోర్డులూ సంచిలో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి “కమాన్ అమ్మమ్మా, లేట్ అవుతోంది” అంటే, “నీ తెలుగు ఎవడిక్కావాలే, నా ప్రాణం తియ్యకు, పో” అని కసిరాను. అది నా బోర్డు తీసి మంచం మీద పెట్టి వెళ్ళింది. నెల తిరక్కుండా తనూ క్లాసు మానేసింది.

ఆర్నెల్లకు మందు పనిచేసి పేగులు దారికొచ్చాయి గానీ మనసు రాలేదు. గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. తల దువ్వుకోవాలన్నా, టీ పెట్టుకోవాలన్నా కొండెక్కినంత పనిగా ఉండేది. ఎక్కడికి పిలిచినా అక్కడ బాత్రూమ్ ఎంత దూరమో అన్న ఆలోచనే ముందు వచ్చి, ఏదో సాకు చెప్పి ఉండిపోయేదాన్ని. అలా మనవరాలు స్కూల్లో పాడిన పాట ఒక్కటీ వినలేదు. అల్లుడు వింటర్ వల్ల అన్నాడు, కూతురు ఇండియా మీద బెంగేమోనని టికెట్ బుక్ చేస్తానంది. డాక్టరు దగ్గర ఆ ఆఖరి ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను, “లేదని రాయి. పేగులు చూపించుకోడానికొచ్చానా, పిచ్చి చూపించుకోడానికొచ్చానా?” అనేదాన్ని. ఒకసారి కూతురు పెన్ను ఆపి, “నిజంగా లేదా అమ్మా?” అంది. “రాయవే” అన్నాను. రాసింది.

మంగళవారం మాత్రం, ఉంది అన్న గడిలో నేనే టిక్కు పెట్టాను. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఈ జబ్బున్న చాలామందికి ఇలా అవుతుందట, దానికీ మందుందట, మాట్లాడేవాళ్ళున్నారట. అంత మామూలుగా చెప్పాడు.

ఇంటికొచ్చి మనవరాలికి ఫోన్ చేశాను. ఈ ఏడే కాలేజీకని దేశానికి ఆ కొసనున్న బాతెల్ అనే ఊరికి వెళ్ళింది. ఆనాటి చీర సంగతితో సహా అంతా చెప్పాను.

“ఐ థాట్ నీకు నేనంటే ఇష్టం పోయింది అని” అంది. తర్వాత, “చెప్తే అయిపోయేది కదా అమ్మమ్మా. మన చైర్స్ బాత్రూమ్ పక్కన వేస్తాను కదా నేను.”

ఇప్పుడా హాల్లో తెలుగు క్లాసు లేదు, వ్యాయామం మిషన్లు పెట్టారు. పిల్లలు ఎవరి గదిలో వాళ్ళు స్క్రీన్ ముందు కూర్చుని నేర్చుకుంటున్నారు, కుర్చీ ఆనించుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. నాకు రాయడం నేర్పిన పిల్లకి ఇప్పుడు తెలుగు చదవడం రాదు. నిన్న వెళ్ళి, మేము కూర్చున్న చోటినుంచి బాత్రూమ్ తలుపుదాకా నడిచి చూశాను. ఇరవై రెండు అడుగులు. కుర్చీలు అటు జరుపుకుని ఉంటే నాలుగే.