జమాల్ సాబ్ ఎడమకన్ను

సోమందేపల్లెలో ఇనుము విరిగితే జమాల్ సాబ్ దగ్గరికి పోవాల్సిందే. హైవే పక్కన, పంక్చర్ షాపుకీ టీ అంగడికీ నడుమ ఉన్న రేకుల షెడ్డు ఆయనదీ ఈరప్పదీ. లేతు మిషన్ ఈరప్ప చూసుకుంటాడు, వెల్డింగ్ జమాల్ సాబ్ చూసుకుంటాడు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో శనక్కాయ చేను బీడు పెట్టి ఈ పనిలోకి వచ్చిన మనిషి. గొర్రు పళ్లు, ట్రాలీ కొక్కేలు, బోరు కేసింగ్ పైపులు, ఇళ్ల గేట్లు, చుట్టుపక్కల పల్లెల్లో ఆయన చెయ్యి పడని ఇనుము తక్కువే.

చేతికేం వంక పెట్టడానికి లేదు. కంటి సంగతే చెప్పుకోవాలి.

వెల్డింగ్ నిప్పును నల్లద్దంలోంచే చూడాలని అందరికీ తెలుసు. కానీ నల్లద్దం అడ్డం పెట్టుకుంటే నిప్పు పుట్టేదాకా అంతా చీకటి. రాడ్డు ఎక్కడ ముట్టించాలో తెలిసి చావదు. పైగా ఒక చేత్తో రాడ్డు, ఒక చేత్తో ఇనుము పట్టుకున్నవాడు అద్దాన్ని ఏ చేత్తో పట్టుకుంటాడు? అందుకని మన షెడ్డుల్లో ఒక పాడలవాటు ఉంది. జాగా చూసుకుంటారు, కళ్లు గట్టిగా మూసుకుంటారు, రాడ్డు అంటిస్తారు. జమాల్ సాబ్‌కు ఆయన గురువు అదే నేర్పాడు. ఈరప్ప కొడుకు ఓబులేషుకి జమాల్ సాబ్ అదే నేర్పాడు. ఏం నేర్పినట్టు! కంటి రెప్ప ఏమన్నా ఇనప రేకా?

ముందు కుడికన్ను పోయింది. పక్కలన్నీ కనిపిస్తాయి కానీ, సరిగ్గా ఎక్కడ చూడాలనుకుంటే అక్కడే నల్లటి మచ్చ. మనిషిని చూస్తే చెవులు కనిపిస్తాయి, మొహం కనిపించదు. హిందూపురం కంటి డాక్టరు చూసి, నిప్పు వెలుగు కంటి వెనక పొరను కాల్చేసిందనీ, అది ఇక రాదనీ, ఎడమకన్నయినా దక్కించుకోమనీ చెప్పి పంపించాడు. ఆ వేళ తిరుగు బస్సులో జమాల్ సాబ్ భార్య జుబేదాబీ పక్కన కిటికీ దగ్గర కూర్చున్నాడు. దూరాన పెనుకొండ కొండ కనిపించినప్పుడు ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, రెండు రకాలుగా చూశాడు.

వాళ్ల కూతురు షమా తిరుపతి దగ్గర టీవీ తెరలు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. సంగతి విని ఆ పిల్ల ఏడుస్తూ కూర్చోలేదు. బక్రీదుకు వచ్చేటప్పుడు వెల్డింగ్ టోపీ ఒకటి పట్టుకొచ్చింది. తలకు తగిలించుకుంటే మొహమంతా కప్పుతుంది, రెండు చేతులూ ఖాళీ. కళ్ల ముందు మామూలు గాజులా కనిపించే కిటికీ. దాని పైన బొటనవేలి గోరంత గుండ్రటి కళ్లు రెండు. షమా తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పింది. ఆ గాజు ఒకటి కాదు, రెండు. వాటి నడుమ నీళ్లలా కదిలే పదార్థం ఉంటుంది, దాన్నే లిక్విడ్ క్రిస్టల్ అంటారు, టీవీ తెరలో ఉండేదీ అదే. పైనున్న ఆ రెండు కళ్లు నిప్పును కనిపెడతాయి. నిప్పు పుట్టిందని అవి చెప్పగానే నడుమనున్న పదార్థం ఒత్తిగిలి వెలుగుకు అడ్డం పడుతుంది, గాజు నల్లబడుతుంది. మనిషి రెప్ప వేసే లోపల జరిగిపోతుంది ఇదంతా.

జమాల్ సాబ్ నమ్మలేదు. నమ్మకుండానే పెట్టుకుని, అలవాటుగా కళ్లు మూసుకుని రాడ్డు అంటించాడు. మెల్లగా తెరిచి చూస్తే గాజు నల్లగా ఉంది, దాని వెనక ఇనుము ఎర్రగా కరిగి పారుతోంది. ఆ తర్వాత కొన్నాళ్లకు మూసుకోవడం మానేశాడు. రాడ్డు కొస ఇనుమును తాకే ఘడియను ఇన్నేళ్ల బతుకులో మొదటిసారి కళ్లు తెరిచి చూశాడాయన. పొద్దుగూకే దాకా పనిచేసి వచ్చినా కళ్లలో ఇసుక పోసినట్టు లేదని జుబేదాబీకి చెప్పి చెప్పి ఆమెను విసిగించాడు. ఓబులేషుకు కూడా బలవంతాన తగిలించేవాడు. షెడ్డులో అందరూ దాన్ని కంప్యూటర్ టోపీ అని ఎగతాళి చేస్తే చేశారు గానీ, ఓబులేషు కూడా దారికొస్తున్నాడనే చెప్పాలి.

అంతలో దసరా వచ్చింది.

ఆయుధపూజ నాడు షెడ్డు కడిగి, పనిముట్లన్నీ వరసగా పెట్టి, ప్రతిదానికీ గంధమూ కుంకుమా పెట్టడం ఈరప్ప భార్య తిరుపాలమ్మ పని. మొదటినుంచీ ఆమే. జమాల్ సాబ్ చేతులు కట్టుకుని నిలబడి, బొరుగులూ పప్పులూ బెల్లమూ ఇంటికి పట్టుకుపోయేవాడు. పెట్టిన బొట్టు తుడవకూడదు, పనిలో దానంతటది అరిగిపోవాలి, అదీ పద్ధతి. ఆ ఏడు కొత్తగా వచ్చిన టోపీని ఆమె ఇంకాస్త ఆప్యాయంగా చూసింది. తను అన్నా అని పిలిచే జమాల్ సాబ్ కంటిని కాచే వస్తువు కదా మరి. దాన్ని చేతిలోకి తీసుకుని ఎక్కడ పెట్టాలా అని చూస్తే, గాజు పైన నుదుటి జాగాలో గుండ్రంగా రెండు గుర్తులు కనిపించాయి. బొట్టు కోసమే చేసినట్టున్నాయి. తడి గంధం మందంగా అద్ది, దాని మీద కుంకుమ పెట్టి, రెండింటికీ మొక్కింది.

మర్నాడు ట్రాలీ కొక్కెం పని. జమాల్ సాబ్ టోపీ దించుకుని రాడ్డు ముట్టించాడు. గాజు నల్లబడలేదు. పాత జమాల్ సాబ్ అయితే ఆ ఘడియకు కళ్లు గట్టిగా మూసుకుని ఉండేవాడు. ఈ జమాల్ సాబ్ టోపీని నమ్మి, ఉన్న ఒక్క మంచి కన్నును ఇంత చేసుకుని అతుకు కేసి చూస్తున్నాడు. లోకమంతా తెల్లగా అయిపోయింది. హోల్డరు జారవిడిచి వెనక్కి కూలబడ్డాడు.

హిందూపురంలో ఎడమకంటికి మందు వేసి కట్టు కట్టారు. సాయంత్రం ఓబులేషు ఆ టోపీని ఇంటికి తెచ్చి మంచం మీద పడేసి, షమాకే తిప్పి పంపమని చెప్పి పోయాడు. జమాల్ సాబ్ దాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడిమాడు. గాజు పైన వేలికి గరుకుగా తగిలింది. గీకి, వేలిని కుడికంటి పక్కకు తెచ్చుకుని చూస్తే ఎర్రగా ఉంది. తువ్వాలు కొస తడిపి టోపీ రెండు కళ్లనూ శుభ్రంగా తుడిచేశాడు.

జుబేదాబీ చూసింది. తిరుపాలమ్మకు చెప్పాల్సిందే కదా అంది. ఆయన ఒప్పుకోలేదు. షమా పుట్టినప్పుడు జుబేదాబీకి పాలు పడకపోతే, ఒక పక్క ఓబులేషునూ ఒక పక్క షమానూ వేసుకుని తన పాలిచ్చి సాకిన మనిషి తిరుపాలమ్మ. తన చేత్తో పెట్టిన బొట్టే ఈ పని చేసిందని తెలిస్తే ఆ మనిషి గొంతులో ముద్ద దిగుతుందా? టోపీలో బ్యాటరీ అయిపోయిందని అందరికీ చెప్పాడు. కట్టు విప్పాక ఎడమకంటి నడుమ కూడా పొగ పట్టినట్టుంది. అది ఆ పూట వెలుగు వల్లా, పాత ఏళ్ల పని వల్లా అంటే డాక్టరుకే తేల్చడం చేతకాలేదు. అదీ దాచాడు. తగ్గిపోయిందని చెప్పి, ఓబులేషు కోసం టోపీని పట్టుకుని షెడ్డుకు వెళ్లి, కుర్చీలో కూర్చుని, నోటితో పని చెబుతూ కాలం నెట్టుకొచ్చాడు. దొంగతనం చేసినవాడు కూడా అంత జాగ్రత్త పడడు.

కానీ ఒక అబద్ధం చెబితే అది మన దగ్గరే పడి ఉంటుందా? టోపీ మోసం చేసిందని ఓబులేషు మనసులో నాటుకుపోయింది. మామను ముంచిన టోపీ నాకొద్దని, దాన్ని అటక మీదికి విసిరేసి, పాతపద్ధతిలో కళ్లు మూసుకుని రాడ్డు ముట్టించడం మొదలుపెట్టాడు. జమాల్ సాబ్ బ్యాటరీ మార్చానన్నాడు, బతిమాలాడు, తిట్టాడు. ఊహూ. కుర్చీలో కూర్చున్న ఆయనకు రాడ్డు చిటపటలు వినిపించేవి.

ఒక పొద్దున తిరుపాలమ్మ ఉరుకులు పరుగుల మీద వాళ్ల ఇంటికి వచ్చింది. ఓబులేషు పెద్ద గేటు పని చేసి వచ్చి పడుకున్నాడు, తెల్లారేసరికి కళ్లు తెరవలేకుండా కుయ్యోమొర్రో అంటున్నాడు, కంటి మంటకు జుబేదక్క ఏం వేస్తుందో కనుక్కుందామని వచ్చింది. ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, రెండు ఆమె చేతిలో పెట్టి, చక్రాలుగా తరిగి రెప్పల మీద వేయమనీ, నాలుగు పూటల్లో సర్దుకుంటుందనీ జుబేదాబీ చెప్పింది. చెప్పి, మొగుడి వైపు చూసింది. సర్దుకునేది ఈ మంట ఒక్కటే. లోపల కాలేది సర్దుకోదని ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"తిరుపాలమ్మా," అన్నాడాయన. "టోపీ మంచిదేనమ్మా. బ్యాటరీ కాదు. నువ్వు పెట్టిన గంధం దాని కండ్ల మింద పడింది. నిప్పు దానికి అగుపడలా. నీకు చెప్పలేక అబద్ధమాడినా."

ఆమె గడప దగ్గరే నిలబడిపోయింది. చేతిలోని ఉర్లగడ్డలు కిందపడితే తీసుకోవాలని కూడా తోచలేదామెకు. ఏడుస్తుందనుకున్నారు మొగుడూ పెళ్లామూ. ఆమె ఏడవలేదు, గొంతు పెంచింది.

"నేను ఏడుస్తానని దాచినావా అన్నా? ఏడిస్తే ఏమైతాది, ఏడ్చి లేస్తా. ఇన్నినాళ్లు నా కొడుకు కండ్లు కాలతాంటే కుర్చీలో కూచోని ఇంటాండావే!"

ఆమె కాస్త దగ్గరికి వచ్చి, ఆయన మొహంలోకి వంగి చూసింది. ఆయన చూపు ఆమె చెవి పక్కకు పోతోంది. ఆమెకు అనుమానం వచ్చింది.

"నా మొగం అగుపడతాండాదా అన్నా నీకు?"

"నీ గొంతు ఉండాది గదమ్మా," అన్నాడు జమాల్ సాబ్.

తిరుపాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు. జుబేదాబీ కూడా ఆగలేకపోయింది. కాసేపటికి తిరుపాలమ్మే తేరుకుని ముక్కు చీది, కిందపడ్డవి ఏరి ఒడిలో వేసుకుని, ఆయన చెయ్యి పట్టుకుని లేపింది. నా మాట వాడు వినడు, నువ్వొచ్చి చెప్పు అంది. వీధిలో అందరూ చూస్తుండగా, రాళ్లున్న చోటల్లా ఒక మాట చెబుతూ, తన ఇంటి దాకా నడిపించుకుపోయింది.

ఓబులేషు నులక మంచం మీద వెల్లకిలా పడి ఉన్నాడు. అడుగుల చప్పుడుకే మామ వచ్చాడని గుర్తుపట్టాడు. తడిగుడ్డ పక్కకు లాగి, నీళ్లు కారే కళ్లను ఎట్లాగో విప్పి, తలుపు వైపు తిరిగాడు.

"ఎంత ఎర్రగుండాయో చూడు మామా. నిజం చెప్పు, నాకు భయమైతాండాది."

జమాల్ సాబ్ మంచం పట్టె మీద కూర్చుని వాడి మొహం కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి వాడి భుజం దగ్గర గాలిలో వెతుకుతోంది.

"ఆయప్పకి అగుపడదు రా," అంది తిరుపాలమ్మ వెనక నుంచి. "టోపీ తప్పు ఏమీ లేదు. బొట్టు పెట్టి దాని కండ్లు మూసింది నేను."

ఓబులేషు లేచి కూర్చున్నాడు. గాలిలో వెతుకుతున్న ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, తన కళ్ల మీద పెట్టుకున్నాడు.